కత్తులకి ఏ సానరాయి కొనాలి? వంటింటికి ఒకటి, బయటికి ఒకటి చాలు

ఆన్‌లైన్‌లో సానరాయి అని కొట్టగానే 240 నుంచి 10000 దాకా నంబర్లేసిన రాళ్ళు వరసగా వచ్చేస్తాయి, పక్కనే నాలుగు రాళ్ళ సెట్టు ఆఫర్ అని ఇంకోటి. ఆ సెట్టు జోలికి పోకండి. మామూలు ఇంటికి 1000 గ్రిట్ రాయి ఒక్కటి చాలు, కత్తి మరీ పాడైపోయి ఉంటే ఒకవైపు 400, ఇంకోవైపు 1000 ఉన్న కాంబినేషన్ రాయి తీసుకోండి, అంతకుమించి కొన్నవి చాలా ఇళ్ళల్లో అటకెక్కి కూర్చుంటాయి.

గ్రిట్ అంటే రాయిలో రజను ఎంత సన్నగా ఉందో చెప్పే నంబరు, అది పెరిగేకొద్దీ రజను సన్నబడుద్ది. 400, అంతకంటే కిందవి అంచుకి పడ్డ గాట్లు తీయడానికి, 1000 మామూలు పదునుకి, 3000 నుంచి 6000 నునుపుకి. టమాటాలు, ఉల్లిపాయలు, చికెన్ కోసే కత్తికి అంత నునుపు అక్కర్లేదండీ, 1000 దగ్గర ఆపేస్తే అంచుకి కంటికి ఆనని చిన్న చిన్న పళ్ళు మిగుల్తాయి, టమాటా తోలు మీద జారకుండా పట్టుకునేది అవే. ఒక తిరకాసు ఏంటంటే జపాన్ వాటర్‌స్టోన్ (నీళ్ళతో తడిపి వాడే సానరాయి) మీద 1000కీ హార్డ్‌వేర్ షాపులో గరుకు కాగితం మీద 1000కీ లెక్క ఒకటి కాదు, డైమండ్ ప్లేట్లది (వజ్రపు రజను అంటించిన లోహపు పలకలు) మళ్ళీ ఇంకో లెక్క. రజను సైజు మైక్రాన్లలో (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) రాసుంటే అది చూసి పోల్చుకోండి, జపాన్ 1000 రాయి 15 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటది, డీఎంటీ అనే కంపెనీ వాళ్ళ ఫైన్ డైమండ్ ప్లేటు 25.

గ్రిట్ కంటే ముందు చూసుకోవాల్సింది మీ కత్తి స్టీలు. విక్టోరినాక్స్ లాంటి వంటింటి కత్తుల స్టీలు మెత్తనిది, 55-56 హెచ్‌ఆర్‌సీ (స్టీలు గట్టిదనం కొలిచే లెక్క, నంబరు పెరిగేకొద్దీ గట్టిది), దానికి ఏ రాయైనా పనిచేస్తది. కమ్మరి దగ్గర లారీ కమాను పట్టీతో కొట్టించిన కత్తులకీ, కొడవళ్ళకీ హార్డ్‌వేర్ షాపులో దొరికే నల్ల కార్బొరండం రాయి హాయిగా సరిపోద్ది (1890ల్లో అమెరికాలో అచిసన్ అనే ఆయన కృత్రిమ వజ్రాలు చేద్దామని కూర్చుంటే వజ్రాలు రాలేదు గానీ ఈ పదార్థం బయటపడింది). వీజీ-10 లాంటి గట్టి జపాన్ స్టీలుకి మంచి వాటర్‌స్టోన్ పెట్టండి. ఎస్30వీ లాంటి వెనేడియం (ఒక లోహం) ఎక్కువున్న స్టీలుతో చేసిన ఫోల్డింగ్ కత్తులైతే మామూలు అల్యూమినియం ఆక్సైడ్ రాయి మీద ఎంత రుద్దినా విసుగే, ఎందుకంటే ఆ స్టీలులో ఉండే వెనేడియం కార్బైడ్ రాయి కంటే గట్టిది, వాటికి డైమండే.

కత్తిపీట సంగతి వేరు. బ్లేడు చెక్కకి బిగించి ఉంటది కాబట్టి కత్తిని రాయి మీదకి తేలేం, రాయినే కత్తి దగ్గరికి తీసుకెళ్ళాలి, పెద్ద వాటర్‌స్టోన్ చేత్తో పట్టుకుని ఆ వంపులో తిప్పడం కుదిరే పని కాదు. అరచేతిలో ఇమిడే చిన్న రాయో, పిడి ఉన్న డైమండ్ పట్టీయో తీసుకోండి, పీటని కాలితో గట్టిగా తొక్కిపెట్టి మొదలు నుంచి కొనదాకా వంపు వెంబడే లాగండి, వేళ్ళు మాత్రం అంచుకంటే వెనకే ఉండాలి.

బయటికి, అంటే పొలానికో చేపలకో ట్రెక్కింగ్‌కో, వాటర్‌స్టోన్ మోసుకెళ్ళకండి, బరువు, పైగా కిందపడితే రెండు ముక్కలు. చిన్న డైమండ్ ప్లేటు నానబెట్టక్కర్లేదు, మధ్యలో పల్లం పడదు, నాలుగు చుక్కల నీళ్ళు చాలు. మోరా కత్తి (స్వీడన్‌లో చేసే బయటి పనుల కత్తి) ఉన్నవాళ్ళకి ఇంకా సుఖం, అంచు వైపు దిగే దాని వాలు వెడల్పుగా ఉంటది కదా, ఆ వాలుని ప్లేటుకి ఆనించి తోస్తే కోణం గురించి ఆలోచించే పనే లేదు.

మిగతా కత్తులకి కోణం ఇలా చూసుకోండి. బ్లేడు వెడల్పు 4 సెంటీమీటర్లు ఉంటే, వీపు (అంచుకి ఎదురుగా ఉండే మందం వైపు) రాయి నుంచి 1 సెంటీమీటరు లేస్తే దాదాపు 15 డిగ్రీలు, 1.4 లేస్తే 20. వంటింటి కత్తికి 15 నుంచి 20 మధ్య, కొమ్మలు నరికే మచ్చుకత్తికి 25 దాకా పెట్టొచ్చు. ఒకవైపే రుద్దుతూ పోండి, మధ్యలో అవతలి వైపు బొటనవేలితో వీపు నుంచి అంచు బయటికి మెల్లగా జార్చి చూడండి (అంచు పొడుగునా మాత్రం కాదు, వేలు తెగుద్ది), సన్నటి గరుకు మొదలు నుంచి కొనదాకా తగిలితేనే ఆ వైపు అయినట్టు, దాన్నే బర్ అంటారు. అప్పుడు తిప్పి రెండోవైపు. ఆఖర్లో చేతి బరువు తగ్గించి చెరో వైపు ఒక్కోసారి లాగి, పాత తోలు బెల్టు మీద వీపు ముందుకి పెట్టి నాలుగుసార్లు లాగితే ఆ బర్ రాలిపోద్ది. పదును రాలేదని కంప్లైంట్ చేసేవాళ్ళలో ఎక్కువమంది బర్ రాకముందే తిప్పేసినవాళ్ళే, దానికి 6000 రాయి కొన్నా ఉపయోగం లేదు.

వీధిలో సైకిల్ చక్రం మీద సాన పట్టేవాళ్ళకి పాత కొడవలి ఇవ్వండి, పర్లేదు, మంచి కత్తి మాత్రం ఇవ్వకండి. పొడి చక్రం మీద నిప్పురవ్వలు లేస్తుంటే అంచు వేడెక్కిపోద్ది, నీలం రంగు తిరిగిందంటే అక్కడ స్టీలు మెత్తబడినట్టే.

ఇంక రాయి బాగోగులు. రాయి రకాన్ని బట్టి నానబెట్టండి, కింగ్ కంపెనీ వాటర్‌స్టోన్ లాంటివి బుడగలు ఆగేదాకా నీళ్ళల్లో ఉంచాలి, షాప్టన్ కంపెనీ వాటికి పైన నీళ్ళు చల్లితే చాలు. ఆయిల్ స్టోన్‌కి (నూనె వేసి వాడే రాయి) వంటనూనె వద్దు, జిగురు పట్టి రంధ్రాలు మూసుకుపోతాయి, కుట్టుమిషను నూనె వాడండి. వాటర్‌స్టోన్ మధ్యలో అరిగి పల్లం పడుద్ది, పైన పెన్సిల్‌తో గళ్ళు గీసి, మిగిలిపోయిన గ్రానైట్ ముక్క మీద తడి వాటర్‌పేపర్ పరిచి గళ్ళన్నీ చెరిగేదాకా రుద్దండి. తర్వాత నీడలో ఆరబెట్టండి, ఎండలో పెడితే పగుళ్ళిస్తది.