చోడి మాల్ట్ ఇంట్లోనే – రెండో పాఠం: నానబెట్టడం నుంచి మర ఆడించడం దాకా

చోళ్లను (రాగులను) మొలకెత్తించి ఆరబెడితే వచ్చేదే మాల్ట్. మొదటి పాఠంలో చెప్పినట్టు 100 గింజలు తడిగుడ్డలో వేసి చూశారు కదా. 90కి తగ్గకుండా మొలిస్తేనే ఆ చోళ్లతో ముందుకు వెళ్లండి. విజయనగరం పరిశోధన స్థానం విడుదల చేసిన వేగవతి రకమైనా, సంతలో కొన్న నాటు చోళ్లైనా పరవాలేదు, గింజ బతికుంటే చాలు. విత్తనాల ప్యాకెట్లలో మందు పట్టించినవి మాత్రం పొరపాటున కూడా వాడొద్దు, కడిగినా ఆ మందు పూర్తిగా పోదు.

1 కిలో చోళ్లు తీసుకోండి. చాటతో చెరిగి, నీళ్లలో పోసి, పైకి తేలిన తాలు తీసేయండి. అడుగున ఇసుక మిగులుతుంది కాబట్టి గింజల్ని చేత్తో పైపైన తేల్చి వేరే గిన్నెలోకి ఒంపుకోవాలి. నీళ్లు తేటపడేవరకు కడగండి. సాయంత్రం 6కి నానబెడితే రాత్రి 10కి ఒకసారి నీళ్లు మార్చి, ఉదయం 6కి వంచేయాలి. అప్పటికి తూకం సుమారు 1 కిలో 350 గ్రాములు ఉంటుంది. నీళ్లు మార్చకుండా వదిలేస్తే గింజకు గాలి అందక పులుపు వాసన వస్తుంది, మొలకా తగ్గుతుంది.

మన ఇళ్లలో మూట కట్టి వేలాడదీయడం అలవాటు. పావుకిలోకి అది చాలు, కిలోకి పనికిరాదు. మొలిచే గింజ ఊపిరి పీలుస్తుంది, వేడి పుట్టిస్తుంది. మూట మధ్యలో చెయ్యి పెట్టి చూడండి, పైనకంటే ఎంత వెచ్చగా ఉందో తెలుస్తుంది. ఆ వేడికి నడుమ గింజలు జిగురుపట్టి కుళ్లిపోతాయి. అందుకే వెడల్పు పళ్లెంలో తడి నూలుగుడ్డ పరిచి, రెండు వేళ్ల మందానికి మించకుండా పోసి, పైన ఇంకో తడిగుడ్డ కప్పండి. ఆరు గంటలకోసారి నీళ్లు చిలకరించి వేళ్లతో కలియబెట్టాలి. కలపడం మరిస్తే వేర్లు అల్లుకుని చాపలా అట్టకడుతుంది.

రెండో పూటకే గింజ కొసన తెల్లటి చుక్క కనిపిస్తుంది. 36 నుంచి 48 గంటలకు వేరు బాగా సాగుతుంది. ఆకు మొలక పచ్చబడక ముందే ఆపేయండి, పచ్చబడితే చేదొస్తుంది. డిసెంబరు, జనవరి చలిలో మరో పూట పట్టొచ్చు. ఎక్కడైనా పచ్చగానో నల్లగానో బూజు కనిపించినా, ముక్క వాసన వచ్చినా మొత్తం పారేయండి. కడిగి వాడుకుందామనుకోవద్దు.

ఇక ఆరబెట్టడం. మాల్ట్ చెడేది ఎక్కువగా ఇక్కడే, అందుకే కొంచెం వివరంగా చెబుతాం. మొలిచేటప్పుడు గింజ తన పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చుకోవడానికి అమైలేజ్ అనే ఎంజైమును తయారుచేసుకుంటుంది. మనకు కావలసింది అదే. తడిమీద ఉండగా 70 డిగ్రీలు దాటితే అది త్వరగా చచ్చిపోతుంది, పొడిగా ఉన్నప్పుడు అంతకంటే ఎక్కువ వేడికి తట్టుకుంటుంది. కాబట్టి తడి చోళ్లను మూకుట్లో వేయించి ఆరబెట్టకండి. డాబా మీద పలచగా పరిచి, రెండు ఎండలు చూపించండి. వానాకాలంలో అయితే ఫ్యాను కింద రోజంతా ఆరబెట్టాకే ఎండకు పెట్టండి. పంటికింద వేస్తే మెత్తగా నలగకుండా పటుక్కున విరగాలి. తర్వాత గోనెగుడ్డ మీద రుద్ది, చెరిగితే ఎండిన వేర్లు ఊడిపోతాయి. వేర్లు ఉంటే పిండి చేదెక్కుతుంది. చివరికి 850 నుంచి 900 గ్రాములు చేతికొస్తాయి.

ఎర్రటి రంగు, వేపుడు వాసన కావాలంటే అందులోంచి 100 గ్రాములు మాత్రమే తీసి, ఇనపమూకుట్లో సన్నసెగ మీద 8 నిమిషాలు కదుపుతూ వేపి, మిగతా దాంట్లో కలపండి. బార్లీతో బ్రౌన్ ఏల్ అనే ముదురు రంగు బీరు కాచేవాళ్లదీ ఇదే పద్ధతి: ముదురు మాల్ట్ రంగూ రుచీ ఇస్తుంది, పిండిని తీపిగా మార్చే పని లేత మాల్ట్ చేస్తుంది. అంతా వేపేస్తే వాసన బాగుంటుంది కానీ ఎంజైము మిగలదు.

మరలో మీకంటే ముందు మిరపకాయలు ఆడి ఉంటే ఆగండి. ఆడించిన పిండి వేడిగా ఉంటుంది, డబ్బాలో పోసి మూత పెట్టేయకుండా కాగితం మీద చల్లార్చండి.

మాల్ట్ కుదిరిందో లేదో చూసుకోవాలి. 50 గ్రాముల బియ్యప్పిండిని 350 మిల్లీలీటర్ల నీళ్లలో చిక్కగా ఉడికించి, 65 డిగ్రీలకు చల్లార్చండి. దీనికి వంటింటి థర్మామీటరు ఉండాలి. జ్వరం చూసేది 42 దగ్గరే ఆగిపోతుంది, వేడిలో ముంచితే పగులుతుంది. 5 గ్రాముల మాల్ట్ పిండి వేసి కలపండి. గంటెకు అంటుకుని ముద్దగా ఉన్న జావ పది నిమిషాల్లో పలచబడి జారాలి. అలాగే చిక్కగా ఉండిపోతే ఆరబెట్టేటప్పుడు వేడి ఎక్కువైందని, లేదా మొలక చాలలేదని అర్థం.

మూడో పాఠంలో ఈ పిండితో అంబలి పులియబెడతాం. అప్పటికి 500 గ్రాముల మాల్ట్ పిండి, రెండు లీటర్లు పట్టే కొత్త మట్టికుండ, ఒక గ్లాసు తరవాణి (అన్నంతో పులియబెట్టిన నీళ్లు) సిద్ధంగా ఉంచుకోండి. కుండలో ఈ రాత్రే నీళ్లు పోసి ఉంచండి, రోజూ మారుస్తూ మూడు రోజులు నాననివ్వాలి.