క్రూజ్ టికెట్ ధర చూసి మోసపోకండి
రిటైర్ అయ్యాక క్రూజ్ (విహార ఓడ) ఎక్కాలనుకునే మన కడప వాళ్లకు ఒక మాట. పైన కనిపించే ధరలను పోల్చకండి. రాయల్ కరీబియన్ లాంటి కంపెనీల ఓడల్లో టిప్పులు, డ్రింక్స్, ఒడ్డున తిరిగే టూర్లు మామూలుగా వేరే లెక్క. రీజెంట్ సెవెన్ సీస్ అనే ఖరీదైన కంపెనీ టికెట్ చూస్తే గుండె గుభేలుమంటుంది గానీ, అందులో ఇవి చాలావరకు కలిసే ఉంటాయి. అన్నీ కలిపి ఒక మనిషికి రోజుకు ఎంతవుతుందో కాగితం మీద వేసుకోండి. చెన్నై దాకా రైలు ఖర్చు, వీసా కూడా కలపండి.

సౌకర్యానికీ ఒక లెక్కుంది: ఓడ గ్రాస్ టన్నేజీని (ఇది బరువు కాదు, ఓడ లోపలి చోటుకు కొలత) ప్రయాణికుల సంఖ్యతో భాగించండి. 50 దాటితే బాగా విశాలం, 30 దగ్గరైతే జనం ఎక్కువ. వాంతుల భయముంటే కింది డెక్కులో (అంతస్తులో), ఓడ మధ్యలో ఉన్న గది అడగండి, ఊపు తక్కువ.