ప్రోనోటు బాకీ, బౌన్సయిన చెక్కు, జరిపిన గట్టు: ఏది దావా, ఏది కేసు?

ప్రోనోటు మీద అప్పిచ్చి, వసూలు కాక పోలీస్ స్టేషన్‌కు వెళితే మొదట వినపడే మాట "ఇది సివిల్ మ్యాటరండీ, కోర్టులో వేసుకోండి". వదిలించుకోవడానికి ఈ మాట వాడే సందర్భాలు లేకపోలేదు గానీ, ఉత్త అప్పు విషయంలో అది నిజమే. బాకీ తీర్చలేకపోవడం నేరం కాదు. తీసుకునే రోజునే ఎగ్గొట్టే ఉద్దేశంతో అబద్ధం చెప్పి తీసుకుంటే అది మోసం, భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్. 2024 జులై 1కి ముందు జరిగినదైతే పాత ఐపీసీ (శిక్షాస్మృతి) 420. ఒకే ప్లాటును ఇద్దరికి అమ్మడం, దొంగ పాస్‌బుక్ చూపించి అడ్వాన్సు తీసుకోవడం ఈ కోవలోకి వస్తాయి.

దావాలో మీరు వాది. అడిగేది డబ్బు, భూమి, లేదా ఫలానా పని చేయకూడదన్న ఉత్తర్వు. పోలీసు కేసును నడిపేది ప్రభుత్వం. మీ తరఫున కాదు, రాష్ట్రం తరఫున ప్రభుత్వ న్యాయవాది (ఏపీపీ లేదా పీపీ) వాదిస్తారు, మీరు ఫిర్యాదుదారు, సాక్షి. ముద్దాయికి శిక్ష పడినంత మాత్రాన మీ డబ్బు మీ చేతికి రాదు. అందుకే మోసం నిజంగా జరిగిన చోట కూడా కేసుతో పాటు దావా వేసుకోవాలి. రెండూ పక్కపక్కనే నడవొచ్చు. రుజువు కొలతలు కూడా వేరు. దావాలో ఎవరి మాట ఎక్కువ నమ్మదగ్గదో చూస్తారు, కేసులో సహేతుకమైన సందేహం మిగలకూడదు. కాబట్టి కేసు కొట్టేశారని దావా పోయినట్టు కాదు.

ఎక్కువమంది నష్టపోయేది గడువు దగ్గర. అడిగినప్పుడు ఇస్తానని రాసిన ప్రోనోటుకు, దాని తేదీ నుంచి 3 ఏళ్ళలోపు దావా పడాలి. స్టేషన్‌లో ఇచ్చిన అర్జీ గానీ, పెద్దమనుషుల పంచాయితీ గానీ, లాయరు నోటీసు గానీ ఆ గడువును ఒక్క రోజు కూడా పెంచవు. పెంచేది చెల్లు. 3 ఏళ్ళు తీరకముందే బాకీదారు కొంత కట్టి, ప్రోనోటు వెనక తేదీ, మొత్తం రాసి సంతకం చేస్తే, ఆ తేదీ నుంచి మళ్ళీ 3 ఏళ్ళు లెక్క. చెల్లు మీరే రాసుకుని ఆయన సంతకం తీసుకోకపోతే అది చెల్లదు. గడువు తీరాక రాయించిన చెల్లూ పనికిరాదు, అప్పుడు కొత్త ప్రోనోటు రాయించుకోవాల్సిందే. ఇంకో చిక్కు రెవెన్యూ స్టాంపు. అది లేని ప్రోనోటును కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. కొన్ని పత్రాలకు జరిమానా కట్టి ఈ లోపం సరిచేసుకోవచ్చు గానీ ప్రోనోటుకు ఆ వీలు లేదు.

చెక్కు సంగతి వేరు. అప్పు కోసమో కొన్న సరుకు కోసమో ఇచ్చిన చెక్కు బౌన్సయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద నేరం, 2 ఏళ్ళ దాకా జైలు లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. కానీ స్టేషన్‌కు వెళ్ళే పని కాదిది, మేజిస్ట్రేటు దగ్గర మీరే ప్రైవేటు ఫిర్యాదు వేయాలి. చెక్కును 3 నెలల్లోపు బ్యాంకులో వేయాలి. వాపసు సమాచారం అందాక 30 రోజుల్లో రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. నోటీసు అందిన దగ్గర్నుంచి డబ్బు కట్టడానికి అవతలివారికి 15 రోజులు. అవి గడిచాక నెలలోపు ఫిర్యాదు. ఉదాహరణకు నోటీసు జూన్ 6న అందితే 21 వరకు ఆగాలి, 22 నుంచి నెల తిరిగేలోపు వేయాలి. తొందరపడి 15 రోజులు నిండకముందే వేసిన ఫిర్యాదు నిలవదు. నోటీసులో వడ్డీ, ఖర్చులు, ఇతర బాకీలు కలిపి ఒకే పెద్ద మొత్తం అడిగి, చెక్కు మొత్తాన్ని విడిగా చూపకపోయినా ఇబ్బందే. మీ ఖాతాలో వేసుకున్న చెక్కయితే, మీ ఖాతా ఉన్న బ్రాంచి ఏ కోర్టు పరిధిలో ఉందో అక్కడే ఫిర్యాదు.

నిజంగా నేరమే అయినా ఎఫ్ఐఆర్ కట్టకపోతే, అదే ఫిర్యాదును స్పీడ్ పోస్టులో ఎస్పీకి పంపండి. కదలిక లేకపోతే ఆ రసీదు జతచేసి, అఫిడవిట్‌తో మేజిస్ట్రేటుకు దరఖాస్తు పెట్టాలి. క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 173(4), 175(3) చెప్పేది ఇదే. రసీదు లేకుండా నేరుగా మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్ళేవారిని మొదటి మెట్టు ఎక్కి రమ్మంటారు.

గట్టు జరిపిన తగాదా దాదాపు ఎప్పుడూ సివిలే. కొట్టుకుంటే ఆ దెబ్బలు మాత్రం కేసు. పొలం ఇంకా మీ స్వాధీనంలోనే ఉంటే ఇంజంక్షన్ (జోక్యం చేసుకోవద్దన్న ఉత్తర్వు) దావా వేసి, దాంతోపాటే ఐఏ (మధ్యంతర దరఖాస్తు) పెట్టి తాత్కాలిక ఉత్తర్వు అడగాలి. హద్దులు కొలిపించడానికి కోర్టు నియమించే అడ్వకేట్ కమిషనర్‌ను కోరవచ్చు. చేతిలోంచి పోయిన పొలానికి ఉత్త ఇంజంక్షన్ అడగడం తరచూ జరిగే పొరపాటు, స్వాధీనం కూడా అడగాలి. బలవంతంగా లాక్కుంటే 6 నెలల్లోపు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద, హక్కు పత్రాల జోలికి పోకుండా స్వాధీనం తిరిగి పొందవచ్చు. ఆ 6 నెలలు దాటితే హక్కు నిరూపించుకునే పెద్ద దావానే గతి.

ఇక కోర్టుల మెట్లు. మండల కేంద్రాల్లో, చిన్న పట్టణాల్లో చాలాచోట్ల జూనియర్ సివిల్ జడ్జే ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు కూడా. అదే బెంచి, అదే కుర్చీ. దావాకు ఓఎస్ (ఒరిజినల్ సూట్) నంబరు, కేసుకు సీసీ (క్యాలెండర్ కేసు) నంబరు. ఆపైన సీనియర్ సివిల్ జడ్జి, ఆపైన జిల్లా జడ్జి. ఆయనే సెషన్స్ జడ్జి. దావా ఏ మెట్టు మీద పడాలన్నది దాని విలువను బట్టి. ఆ పరిమితులను రాష్ట్ర చట్టం అప్పుడప్పుడూ సవరిస్తుంది, వేసేముందు చూసుకోవాలి. కేసు ఏ మెట్టన్నది నేరాన్ని బట్టి. ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు 3 ఏళ్ళ దాకా, చీఫ్ జుడిషియల్ మేజిస్ట్రేటు 7 ఏళ్ళ దాకా జైలు వేయగలరు. హత్య లాంటివి ముందు మేజిస్ట్రేటు దగ్గర పీఆర్సీ (ప్రిలిమినరీ రిజిస్టర్ కేసు) నంబరుతో ఉండి, సెషన్స్‌కు కమిట్ అయ్యాక, అంటే అక్కడికి పంపాక, ఎస్సీ (సెషన్స్ కేసు) నంబరు తెచ్చుకుంటాయి.

దావాలో జిల్లా కోర్టుకు అప్పీలు గడువు 30 రోజులు, హైకోర్టుకు 90. మేజిస్ట్రేటు శిక్ష మీద సెషన్స్‌కు 30 రోజులు, సెషన్స్ శిక్ష మీద హైకోర్టుకు 60. మరణశిక్షయితే 30 రోజులే, ఆ శిక్ష కూడా హైకోర్టు ఖరారు చేశాకే అమలు. దావాలో రెండో అప్పీలులో హైకోర్టు సాక్ష్యాన్ని మళ్ళీ తిరగదోడదు, ముఖ్యమైన న్యాయ ప్రశ్న ఉంటేనే వింటుంది. కాబట్టి చూపాల్సిన కాగితమంతా కింది కోర్టులోనే చూపాలి. 2019 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అమరావతిలో, తెలంగాణ హైకోర్టు హైదరాబాదులో.

డిక్రీ (దావాలో కోర్టు ఇచ్చే తుది ఉత్తర్వు) వచ్చాక కూడా డబ్బు దానంతటది రాదు. దాని అమలుకు ఈపీ (ఎగ్జిక్యూషన్ పిటిషన్) వేయాలి, 12 ఏళ్ళ గడువుంది గానీ అంతదాకా ఆగితే జప్తుకు ఆస్తి మిగలదు. దావా నడుస్తుండగానే అవతలివారు ఇల్లు అమ్మే ప్రయత్నంలో ఉంటే, తీర్పుకు ముందే జప్తు, అంటే అటాచ్‌మెంట్ అడగవచ్చు. డబ్బు డిక్రీ కోసం స్త్రీలను అరెస్టు చేయించడం కుదరదు. కట్టగలిగీ కట్టని మగవారిని గరిష్ఠంగా 3 నెలలు సివిల్ జైలులో పెట్టవచ్చు.

ఎస్సీ, ఎస్టీలకు, స్త్రీలకు, జైల్లో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది, ఫోను 15100. బాకీ తగాదాను లోక్ అదాలత్‌లో తేల్చుకుంటే కట్టిన కోర్టు ఫీజు వాపసు వస్తుంది. ఆ అవార్డు మీద అప్పీలు ఉండదు, అందుకే వాయిదాల తేదీలు, మొత్తాలు సరిచూసుకున్నాకే సంతకం పెట్టండి.