పాత హార్డ్ రాక్ కచేరీ టేపును రీమాస్టర్ చేయడం ఎలా

బ్రిటిష్ హార్డ్ రాక్ బృందం డీప్ పర్పుల్ 1972 ఆగస్టు 15, 16 తేదీల్లో ఒసాకాలోని ఫెస్టివల్ హాలులోను, 17న టోక్యోలోని బుడోకాన్‌లోను ఇచ్చిన కచేరీలను ఇంజనీరు మార్టిన్ బర్చ్ 8 ట్రాకుల టేపు మీద రికార్డు చేశారు. గొంతు, గిటారు, ఆర్గాన్ వంటివి వేర్వేరు ట్రాకుల మీద ఉన్నాయి కాబట్టి, ఎన్నేళ్ల తర్వాతైనా ఆ టేపులు దక్కినవారు ఇయన్ గిల్లన్ గొంతును కాస్త పెంచి, రిచీ బ్లాక్‌మోర్ గిటారును కాస్త పక్కకు జరిపి, కచేరీని కొత్తగా కూర్చుకోవచ్చు. దానిని రీమిక్స్ అంటారు. మనలాంటి అభిమానుల చేతికి వచ్చేది ఆ టేపు కాదు. ప్రేక్షకుల్లో ఒకరు చిన్న రికార్డరుతో పట్టుకున్నదో, మైకుల, వాద్యాల శబ్దాలను కలిపే మిక్సింగ్ బోర్డు నుంచి నేరుగా తీసిన రెండు చానెళ్లదో, అదీ తరచుగా నకలుకు నకలు. అందులో అన్ని వాద్యాలూ కలిసిపోయి ఉంటాయి. పాలనూ నీళ్లనూ వేరుచేసే హంస మన దగ్గర లేదు. ఆ పని మేము చేస్తామని కొత్త సాఫ్ట్‌వేర్లు ముందుకు వస్తున్నాయి కానీ, డ్రమ్మరు ఇయన్ పైస్ సింబల్ (డ్రమ్ముల పక్కనుండే లోహపు తాళం) మీద కొట్టిన దెబ్బ చివర సన్నగా సాగే మోతను అవి ఇంకా ముక్కలు చేస్తూనే ఉన్నాయి. కాబట్టి ఇక్కడ చెప్పేది రెండు చానెళ్ల టేపును రీమాస్టర్ చేయడం, అంటే కలిసిపోయిన శబ్దాన్ని విడదీయకుండా ఉన్నదానినే శుభ్రం చేసి దిద్దడం గురించి మాత్రమే.

మొదటి పని టేపును డిజిటల్ ఫైలుగా మార్చడం, ఫలితంలో సగానికి పైగా ఇక్కడే తేలిపోతుంది. సముద్రతీరపు ఊళ్లలో వానాకాలపు తేమకు క్యాసెట్ల మీద తెల్లని బూజు పడుతుంది. అటువంటి దానిని శుభ్రం చేయకుండా మంచి డెక్ (టేపు వినిపించే యంత్రం)లో పెడితే ఆ బూజు హెడ్ (టేపును చదివే భాగం) మీద పేరుకుని తర్వాతి టేపులకు కూడా అంటుకుంటుంది. రీలు టేపులకు వేరే జబ్బు ఉంటుంది: 1970ల మధ్య నుంచి వచ్చిన కొన్ని రకాల టేపుల్లో, ఉదాహరణకు ఆంపెక్స్ 456లో, అయస్కాంతపు పొడిని పట్టి ఉంచే జిగురు గాలిలోని తేమను పీల్చుకుని మెత్తబడి, తిప్పినప్పుడు కీచుమంటూ హెడ్‌కు అతుక్కుంటుంది. అటువంటి రీలును సుమారు 54 డిగ్రీల సెల్సియస్ వద్ద ఎనిమిది గంటలో అంతకు మించో వెచ్చబెట్టి ఆరబెడితే కొన్ని వారాల పాటు వాడదగిన స్థితికి వస్తుంది. ఇది వంటింటి ఓవెన్‌లో చేసే పని కాదు. అంతకు ముందటి అసిటేట్ టేపులను అసలే వెచ్చబెట్టకూడదు. రీలును వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే అసిటేట్ టేపు గుండా వెలుగు కనిపిస్తుంది, పాలియెస్టర్ టేపు గుండా కనిపించదు. క్యాసెట్ విషయానికి వస్తే, హెడ్‌ను, టేపును లాగే కడ్డీ అయిన కాప్‌స్టన్‌ను ఐసోప్రోపైల్ ఆల్కహాలుతో తుడిచి, టేపును ఒకసారి ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పి బిగువు సమం చేసుకోవాలి.

తర్వాత అజిముత్, అంటే టేపుకు హెడ్ నిలబడే కోణం. రికార్డు చేసిన యంత్రం హెడ్ వెంట్రుకవాసి ఒరిగి ఉన్నా, మన డెక్ హెడ్ నిటారుగా ఉంటే పై శ్రుతులు చచ్చిపోతాయి, ఆ తర్వాత ఎంచుకున్న ఫ్రీక్వెన్సీలను పెంచి తగ్గించే ఏ ఈక్వలైజరూ వాటిని తిరిగి తేలేదు. టేపును నడుపుతూ, రెండు చానెళ్లనూ ఒకటిగా కలిపి మోనోలో వింటూ, హెడ్ పక్కనున్న చిన్న స్క్రూను సన్నని స్క్రూడ్రైవరుతో అటూ ఇటూ నెమ్మదిగా తిప్పండి. ఒకచోట సింబల్స్ ఒక్కసారిగా తేటపడతాయి. అదే సరైన కోణం. నకళ్లు మారి వచ్చిన టేపులో రెండో సైడు వేరే డెక్ మీద తయారై ఉండవచ్చు కాబట్టి ప్రతి సైడుకూ ఇది విడిగా చేయాలి. రికార్డు చేసినప్పుడు డాల్బీ (టేపు బుసను తగ్గించే పద్ధతి) వాడారని తెలిస్తే తప్ప డాల్బీ మీట నొక్కవద్దు. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో, అత్యధిక శబ్దం మైనస్ 6 డెసిబెల్ దాటకుండా ఎక్కించుకుని, ఆ ఫైలును ముట్టుకోకుండా దాచి, నకలు మీదే పని చేయండి.

ఇప్పుడు వేగం. చాలామంది ఈక్వలైజరు దగ్గరకు పరుగెత్తి దీనిని వదిలేస్తారు. వేగం తప్పిన టేపును ఎంత తేటగా తుడిచినా గిల్లన్ గొంతు గిల్లన్‌ది కాకుండా పోతుంది. అప్పటి చేతి రికార్డర్లు బ్యాటరీలతో నడిచేవి. కచేరీ సాగేకొద్దీ బ్యాటరీ నీరసించి మోటారు మెల్లగా తిరుగుతుంది. మెల్లగా రికార్డైన భాగాన్ని మామూలు వేగంతో వినిపిస్తే అది తొందరగా, శ్రుతి పెరిగి వినిపిస్తుంది. అందుకే ఇలాంటి టేపుల్లో మొదటి పాట సరిగానే ఉండి, చివరి పాటకు వచ్చేసరికి శ్రుతి ఎక్కిపోతూ ఉంటుంది.

దీనిని కొలవడానికి రెండు సాక్ష్యాలు ఉన్నాయి. మొదటిది కరెంటు గురగుర, అంటే హమ్. బ్లాక్‌మోర్ వాడిన స్ట్రాటోకాస్టర్ గిటారు పికప్‌లు చుట్టుపక్కల కరెంటు హమ్‌ను పట్టుకుంటాయి, ఆంప్లిఫయర్ల గుండా అది పాటల మధ్య హాలంతా వినిపిస్తుంది. బోర్డు టేపులోనైతే చెప్పనక్కర లేదు. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, బ్రిటన్‌లో 50. జపాన్‌లో మాత్రం ఒకే దేశంలో రెండూ ఉన్నాయి: ఒసాకాతో కూడిన పడమటి భాగంలో 60, టోక్యోతో కూడిన తూర్పు భాగంలో 50. అంటే మన స్వాతంత్ర్య దినోత్సవం నాటి ఒసాకా కచేరీకీ, రెండు రోజుల తర్వాతి టోక్యో కచేరీకీ కొలబద్ద ఒకటి కాదు. పాటల మధ్య కొన్ని సెకన్ల భాగాన్ని ఎంచుకుని, 48 కిలోహెర్ట్జ్‌కు మార్చిన నకలు మీద, ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేరులో విండో సైజు 65536గా పెట్టి స్పెక్ట్రమ్, అంటే ఏ ఫ్రీక్వెన్సీ ఎంత బలంగా ఉందో చూపే పటం గీయండి. మూల హమ్ కంటే దాని మూడు రెట్ల మీద ఉన్న శిఖరాన్ని చూస్తే కొలత మూడు రెట్లు కచ్చితంగా వస్తుంది. ఒసాకా టేపులో 180 హెర్ట్జ్ వద్ద ఉండవలసిన శిఖరం 183.6 వద్ద కనిపిస్తే టేపు 2 శాతం వేగంగా నడుస్తోందన్నమాట. శ్రుతి సుమారు 34 సెంట్లు, అంటే అర్ధస్వరంలో మూడో వంతు పెరిగింది. అప్పుడు వేగాన్ని 1.96 శాతం తగ్గించాలి. శ్రుతిని మాత్రమే మార్చి కాలాన్ని అలాగే ఉంచే ఎఫెక్టు వాడితే తప్పు సగమే దిద్దినట్లు అవుతుంది. వేగం, శ్రుతి రెండూ కలిసి మారేదే వాడాలి. ప్రతి ఐదు నిమిషాలకూ ఒకసారి కొలిచి, వేగం జారుతూ ఉంటే దిద్దుబాటును కూడా క్రమంగా జారేలా పెట్టాలి.

రెండో సాక్ష్యం బృందంలో ఆర్గాన్ వాయించిన జాన్ లార్డ్ హామండ్ ఆర్గాన్. దాని లోపలి పళ్ల చక్రాలను కరెంటు ఫ్రీక్వెన్సీకి కట్టుబడి తిరిగే మోటారు నడుపుతుంది. గిటారు తీగలాగా దానికి శ్రుతి సవరించడం కుదరదు కాబట్టి తక్కినవారే దానికి శ్రుతి కలుపుకోవాలి. ఆర్గాన్ ఒక స్వరాన్ని పట్టి నిలబెట్టిన చోట ట్యూనరు పెట్టి చూస్తే, హమ్ చెప్పినదానిని అది బలపరచాలి. రెండూ విభేదిస్తే నేను ఆర్గాన్‌నే నమ్ముతాను. ఒకసారి టోక్యో టేపు ఒకదానిలో 50 హెర్ట్జ్ హమ్ గీత గీసినట్టు కనిపించగానే వేగం సరిగానే ఉందనుకుని సంతోషించాను. ఆర్గాన్ మాత్రం పావు స్వరం పైన పలుకుతోంది. అనుమానం వచ్చి టేపు ఆపి చూస్తే హమ్ అలాగే ఉంది. అది బుడోకాన్ కరెంటు కాదు, మా ఇంటి కరెంటు. మన దేశంలోనూ 50 హెర్ట్జే కాబట్టి ఇక్కడ టేపులు ఎక్కించేవారు ముందుగా టేపు ఆపి, ఎర్త్ తీగను, డెక్‌కూ కంప్యూటరుకూ మధ్యనున్న కేబుళ్లను సరిచూసుకోవాలి.

వేగం కుదిరాక హిస్, అంటే టేపు సహజంగా చేసే బుస సంగతి చూడవచ్చు. హిస్ నమూనా కోసం పాటల మధ్య విరామాన్ని తీసుకోవద్దు. అక్కడ ఉన్నది జనం ఊపిరి, గుసగుసలు, హాలు మోత. అదంతా హిస్ అని సాఫ్ట్‌వేరుకు నేర్పితే పాట నడిచేటప్పుడు కూడా హాలును తుడిచేస్తుంది. సైడు చివర, రికార్డింగ్ ఆగిన తర్వాత మిగిలిన ఖాళీ టేపు నమూనాగా పనికివస్తుంది. తగ్గింపు 4 నుంచి 6 డెసిబెల్ దాటితే సింబల్స్ చుట్టూ నీటి బుడగల వంటి చప్పుడు మొదలవుతుంది. తీసేసిన శబ్దాన్ని మాత్రమే విడిగా వినే సదుపాయం ఉంటే తప్పక వినండి. అందులో డ్రమ్ దెబ్బ కానీ గొంతు కానీ లీలగా వినిపిస్తే మీరు సంగీతాన్ని కోస్తున్నారు.

మైకు పక్కనే కూర్చున్నవారి చప్పట్లకు ఏ యంత్రమూ మందు కాదు. ఒక్కో చప్పట్ల దెబ్బనూ ఎంచుకుని చేత్తో 6 నుంచి 8 డెసిబెల్ తగ్గించడమే మార్గం. గంటన్నర టేపుకు కొన్ని సాయంత్రాలు పడుతుంది. 90 నిమిషాల క్యాసెట్ సైడు 45 నిమిషాలే కాబట్టి ఎక్కడో ఒకచోట పాట మధ్యలో తెగుతుంది. అదే కచేరీకి మరో టేపు దొరికితే ఆ ముక్కను అతికించవచ్చు. ముక్క స్వభావాన్ని ప్రధాన టేపుకు దగ్గరగా తెచ్చి, అతుకు డ్రమ్ దెబ్బ మీద పడేలా చూడాలి. వేరే రోజు కచేరీ నుంచి మాత్రం తెచ్చి అతికించవద్దు.

ఈక్వలైజరు దగ్గర టేపు పుట్టుకను గుర్తుంచుకోవాలి. గిటారు ఆంప్లిఫయర్లు చిన్న హాలును వాటంతట అవే నింపేస్తాయి కాబట్టి వాటిని బోర్డులో అంతగా పెంచరు. అందుకే బోర్డు టేపులో గొంతు మీదకు వచ్చి, గిటారు వెనక్కు పోయి, హాలు లేనట్టు పొడిగా ఉంటుంది. ప్రేక్షకుల టేపులో దీనికి తలకిందులుగా 200 నుంచి 400 హెర్ట్జ్ మధ్య బురదలాంటి మోత పేరుకుంటుంది. ఆ మోతను 2, 3 డెసిబెల్ తగ్గించి, 30 హెర్ట్జ్ కింద కోసేసి, ఇంకా కావాలనిపిస్తే 3 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక్క డెసిబెల్ పెంచి ఆగండి. రెండు రకాల టేపులూ ఉంటే కలపవచ్చు: వేదికకు 30 మీటర్ల దూరంలోని మైకుకు శబ్దం సుమారు 87 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది, కాబట్టి ఆ టేపును అంతమేర ముందుగా వినిపించేలా జరపాలి. రెండు టేపుల వేగమూ ముందే దిద్ది ఉండకపోతే పది నిమిషాల్లోనే జోడీ విడిపోతుంది. మోనో బోర్డు టేపును నకిలీ స్టీరియోగా మార్చడం నాకు ఇష్టం లేని పని.

చివరకు శబ్దస్థాయి. ఆ జపాన్ కచేరీల నుంచి 1972 డిసెంబరులో వచ్చిన డబుల్ ఆల్బంలో నాలుగో సైడు మొత్తం దాదాపు 20 నిమిషాల ఒకే పాట; ఆర్గాన్ గుసగుస నుంచి అందరూ విరుచుకుపడే చోటి వరకు ఉన్న ఎత్తుపల్లాలే దాని ప్రాణం. శబ్దం ఒక హద్దు దాటకుండా అణిచే లిమిటరుతో అదిమి అన్నిచోట్లా ఒకే మోత చేస్తే విరుచుకుపడినప్పుడు విరుచుకుపడినట్టు ఉండదు. కచేరీ మొత్తానికి ఒకే స్థాయి పెట్టి, పాట పాటకూ మార్చకుండా, శిఖరాలు మైనస్ 1 డెసిబెల్ దగ్గర ఆగేలా చూస్తే చాలు. ఫలితాన్ని ఫ్లాక్‌గా (నాణ్యత తగ్గించని ఫైలు రకం) దాచి, పక్కన ఒక చిన్న పాఠ్య ఫైలులో టేపు ఎన్నో నకలు, ఏ డెక్, వేగం ఎంత దిద్దారు, ఎక్కడ అతుకు పెట్టారు అన్నవి రాసి పెట్టండి. టేపు మీ చేతిలో ఉన్నంత మాత్రాన ఆ ప్రదర్శన హక్కులు మీవి కావు, కనుక దీనిని అమ్మకానికి పెట్టకూడదు.

పని అయిందనుకున్నాక రెండు రోజులు పక్కన పెట్టి, ముట్టుకోకుండా దాచిన మొదటి ఫైలుకు వేగం మాత్రం దిద్ది, దానినీ మీ రీమాస్టర్‌నూ ఒకే శబ్దస్థాయికి తెచ్చి, మార్చి మార్చి వినండి. స్థాయి సమం చేయకపోతే బిగ్గరగా ఉన్నదే చెవికి మేలుగా తోస్తుంది. ఏ చోటనైనా పాతదే బాగుందనిపిస్తే అక్కడ మీరు చేసిన పనిని వెనక్కు తీసుకోండి.