గుడి మాన్యం ఎవరిచ్చారు? బ్రిటిష్ రిజిస్టర్లలో వెతికే పద్ధతి

గోదావరి డెల్టాలో మీ ఊరి గుడికి మాన్యం ఎవరిచ్చారో, ఎందుకిచ్చారో చెప్పే శాసనమో దానపత్రమో దొరికితే అదృష్టమే. చాలా ఊళ్లకు అది లేదు. అప్పుడు దిక్కు దొరల హయాంలో రాసిన రిజిస్టర్లే. వాటి జోలికి వెళ్లేముందు బ్రిటిష్ ప్రభుత్వం మతం విషయంలో ఎప్పుడెలా నడుచుకుందో కొంచెం తెలియాలి. ఏ కాలపు కాగితం ఏ ఆఫీసులో ఉంటుందో తేలేది దాన్నిబట్టే.

1765-66లో గోదావరి ప్రాంతం ఉన్న ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ చేతికొచ్చాయి. గుళ్ల ఆస్తులు తినేస్తున్నారన్న కారణంతో మద్రాసు ప్రభుత్వం 1817లో ఏడో రెగ్యులేషన్ తెచ్చి, ధర్మాదాయాల అజమాయిషీ రెవెన్యూ బోర్డుకి అప్పగించింది. అంటే కలెక్టరే గుడి లెక్కలు చూసేవాడు. ఇంగ్లండులో ఇది గొడవైంది. రాజే చర్చికి పెద్దగా ఉన్న దేశం ఇక్కడ విగ్రహారాధనకి ఏర్పాట్లు చేయడమేమిటని మిషనరీలు, వాళ్ల వెనకున్న పెద్దలు పట్టుబట్టారు. 1840ల్లో కంపెనీ గుళ్లను ధర్మకర్తలకు వదిలేసి తప్పుకుంది. 1858 నవంబరు 1న విక్టోరియా రాణి ప్రకటన మతాచారాల్లో జోక్యం ఉండదని చెప్పింది. 1863 నాటి ఇరవయ్యో చట్టం మిగిలిన సంబంధాన్నీ తెంపేసి స్థానిక కమిటీలకు ఒప్పజెప్పింది.

తమాషా ఏమిటంటే, మతంలో వేలు పెట్టబోమని చెప్పిన 1858లోనే అదే సర్కారు ఇనాం కమిషన్ (మాన్యాన్ని సర్కారు కాగితాల్లో ఇనాం అంటారు) వేసి, శిస్తు లెక్క కోసం ప్రతి మాన్యాన్నీ సెంట్లతో సహా రాయించడం మొదలుపెట్టింది. మనకు అక్కరకొచ్చేది ఆ లెక్కే. దాని పేరు ఇనాం ఫెయిర్ రిజిస్టర్. రెవెన్యూ ఆఫీసుల్లో ఐఎఫ్ఆర్ అంటారు.

ముందు మీ ఊరు అప్పుడు ఏ జిల్లాలో ఉందో తేల్చుకోండి. సగం మంది దారి తప్పేది ఇక్కడే. గోదావరి జిల్లా 1859లో ఏర్పడింది. 1904లో ఏలూరు, తణుకు, భీమవరం, నరసాపురం తాలూకాలు కృష్ణా జిల్లాలోకి వెళ్లాయి. నరసాపురం తాలూకాలోని నగరం లంక మాత్రం గోదావరి జిల్లాలోనే ఉండిపోయింది. 1925లో పశ్చిమ గోదావరి పుట్టింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మళ్లీ చీలాయి. అంటే భీమవరం పక్క ఊరికి ఇనాం రిజిస్టరు గోదావరి జిల్లా పేరు మీద, 1910 నాటి ఉత్తరం కృష్ణా జిల్లా పేరు మీద, 1930 నాటిది పశ్చిమ గోదావరి పేరు మీద ఉంటుంది. ఇప్పటి జిల్లా పేరొక్కటే రాసి దరఖాస్తు పెడితే ‘రికార్డు లభ్యం కాలేదు’ అని జవాబొస్తుంది. పాత తాలూకా, పాత జిల్లా రెండూ రాయండి. యానాం గుళ్లకు ఈ దారి పనికిరాదు. 1954 దాకా అది ఫ్రెంచి పాలనలో ఉంది.

తర్వాత ఇప్పటి నంబరు పట్టుకుని వెనక్కి నడవాలి. రీసర్వే అయిన ఊళ్లో భూమికి కొత్తగా ఇచ్చిన ఎల్‌పీఎం నంబరు ఉంటుంది. దానికి పాత సర్వే నంబరేదో తహసీల్దారు ఆఫీసులో రాయించుకోండి. అక్కడినుంచి పాత సర్వే, సెటిల్‌మెంట్ రిజిస్టరైన ఆర్‌ఎస్‌ఆర్‌కి వెళ్లండి. రెండు భాషల్లో ఉంటుంది కాబట్టి డైగ్లాట్ అని కూడా పిలుస్తారు. అందులో ఆ నంబరుకెదురుగా ఇనాం అనీ, టీడీ నంబరనీ ఉందేమో చూడండి. టీడీ అంటే ఇనాం కమిషన్ ఇచ్చిన హక్కుపత్రం నంబరు. ఐఎఫ్ఆర్‌కి తాళంచెవి అదే. అడంగల్, 1బి చూసి ఆగిపోకండి. వాటిలో ఇప్పటి పేర్లే ఉంటాయి, మూలం ఉండదు.

డైగ్లాట్‌లో టీడీ నంబరు లేకపోతే మీ ఊరు జమీందారీదేమో కనుక్కోండి. పిఠాపురం సంస్థానం ఊళ్లలాంటివన్నమాట. 1802 శాశ్వత పరిష్కారం (జమీందార్లు కట్టాల్సిన శిస్తును శాశ్వతంగా ఖాయం చేసిన ఏర్పాటు) తర్వాత జమీందారు సొంతంగా ఇచ్చిన ఇనాంలను దర్మిళా ఇనాంలంటారు. అవి ఐఎఫ్ఆర్‌లో దొరకవు. వాటికి 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత రాసిన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ అడగాలి.

ఐఎఫ్ఆర్ నకలుకి కలెక్టరేట్ రికార్డు రూములో దరఖాస్తు పెట్టండి. ఊరు, పాత తాలూకా, టీడీ నంబరు, గుడి పేరు ఇస్తే చాలు. ఒక్క ఎంట్రీ కాదు, ఆ ఊరి ఇనాంలన్నిటి పేజీలూ అడగడం మంచిది. దేవుడికొకటి, అర్చకుడికొకటి, మేళానికొకటి, పల్లకీ మోసేవాళ్లకొకటి వేర్వేరు టీడీల కింద ఉంటాయి. కదలిక లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు వేయండి. జవాబుకి గడువు 30 రోజులు.

ఇక చదవడం. పేజీ అడ్డంగా పొడవు, గడులు చాలా. అందరి కళ్లూ ముందు ‘ప్రస్తుత యజమాని’ గడి మీద పడతాయి. అక్కడ అర్చకుడి పేరుంటే భూమి ఆయన సొంతమని ఒక వర్గం, కాదని ఇంకో వర్గం వాదన మొదలెడతాయి. ఆ గడి చివర్లో చూడండి. ముందు చూడాల్సింది ఇనాం వివరం రాసిన గడి. గుడి పోషణకా, ఫలానా సేవకా, లేక ఒక మనిషికా అని అక్కడుంటుంది. గుమాస్తాలు గుడిని ‘పగోడా’ అని రాసేవారు. రెండోది షరతుల గడి. సేవ జరిగినంత కాలమే అని ఉంటే అది సేవకు కట్టిన భూమి. వంశపారంపర్యం, బేషరతు అని ఉంటే కథ వేరు. మూడోది ఇచ్చిందెవరు, ఏ ఏడాది అన్నది. ‘తెలియదు’ అనో, ఏదో ఒక జమీందారు పేరో ఉంటుంది. రుజువు గడిలో సనదు (దానపత్రం) చూపారా లేదా అన్నది కూడా చదవండి. ఆఖరి గడుల్లో డిప్యూటీ కలెక్టరు సిఫారసు, కమిషన్ నిర్ణయం ఉంటాయి. రెండూ తేడాగా ఉంటే నిర్ణయమే లెక్క.

ఉదాహరణకి ఒక ఎంట్రీలో ‘పగోడా సేవకు, సేవ జరిగినంత కాలం’ అని ఉండి, యజమాని గడిలో ఒక ఆచార్యుల పేరు, కింద ఫసలీ 1270 అని ఉందనుకోండి. ఫసలీ అంటే సర్కారు శిస్తు సంవత్సరం. దానికి 590 కలిపితే 1860. ఫసలీ జూలై 1న మొదలవుతుంది కాబట్టి అది 1860-61. ఆ పేరు ఆనాడు సేవ చేస్తున్న మనిషిది. భూమి సేవది. జోడి అని కనిపిస్తే అది ఇనాందారు సర్కారుకి కట్టే తగ్గింపు శిస్తు. రూపాయి, అణా, పై వరుసలో ఉంటుంది. 16 అణాలు రూపాయి, 12 పైలు అణా.

విస్తీర్ణం తేడా వస్తే వెంటనే ఆక్రమణ అనుకోకండి. సర్వే కాకముందు రాసిన అంకెలు కరణం అంచనాలు. పుట్టి అనే పాత భూమి కొలత లెక్క ఊరూరికీ మారేది. పైగా ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయ్యాక కాలవలు పాకిన కొద్దీ మెట్ట మాగాణి అయింది. రిజిస్టరులో మెట్ట అని ఉన్న చోట ఇప్పుడు వరి ఉంటే ఆశ్చర్యం లేదు. లంక ఊళ్లలో ఇంకో చిక్కు. నంబరు కాగితం మీద ఉంటుంది, నేల ఏటికోతలో పోయి ఉంటుంది, అవతలి ఒడ్డున కొత్త మేట వేసి ఉంటుంది. సర్వే నంబరుకి కొలతలతో గీసిన ఎఫ్ఎంబీ పటం తీసుకుని సర్వేయరుతో కొలిపించకుండా ఏ మాటా అనకండి.

1863 తర్వాత ఆరు దశాబ్దాలకు సర్కారీ కాగితం పలచన. ఆ కాలానికి జిల్లా కోర్టు తీర్పులే వెతకాలి. ధర్మకర్తల తగాదాలు అక్కడికే వెళ్లేవి. 1925లో వచ్చి 1927లో తిరగరాసిన మద్రాసు హిందూ దేవాదాయ చట్టంతో బోర్డు ఏర్పడి, రికార్డు మళ్లీ చిక్కబడుతుంది. ఇప్పటి 1987 చట్టం 43వ సెక్షన్ కింద ఉండే రిజిస్టరు నకలు దేవాదాయ శాఖ జిల్లా ఆఫీసులో అడగండి. దాన్ని ఐఎఫ్ఆర్ పక్కన పెట్టి నంబరు నంబరూ టిక్కు పెట్టుకుంటూ పోతే, మధ్యలో జారిపోయినవి బయటపడతాయి. 1956 ఇనాం రద్దు చట్టం కింద పట్టా ఎవరి పేరున వచ్చిందో కూడా ఆ జాబితాలోనే రాసుకోండి. జారిపోవడం ఎక్కువగా అక్కడే జరుగుతుంది.

మసీదు, ఖాజీ ఇనాంలు కూడా ఇదే ఐఎఫ్ఆర్‌లో ఉంటాయి, తర్వాతి మెట్టు వక్ఫు గెజిట్. చర్చి స్థలాలకు దారి వేరు. 1836లో మన దేశానికి వచ్చిన బౌడెన్, బీర్ అనే మిషనరీలతో మొదలైన గోదావరి డెల్టా మిషన్‌లాంటి వాటి స్థలాలకు ఇనాం రిజిస్టరు కంటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులోని పాత దస్తావేజులే ఎక్కువ పనికొస్తాయి.

నకళ్లన్నీ చేతికొచ్చాక, అదే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఆ సర్వే నంబర్లు రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22-ఎ నిషేధ జాబితాలో ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే ఐఎఫ్ఆర్, డైగ్లాట్, 43వ సెక్షన్ నకళ్లు మూడూ జతచేసి దేవాదాయ శాఖకి రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి.