పాట సాగుతోందా, సూది జారుతోందా: పాత రికార్డు ప్లేయర్ సమస్యలు - పరిష్కారాలు

తిరుపతిలో పాత ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు కట్టే ముందు అటక ఖాళీ చేస్తే, బట్ట కప్పిన రికార్డు ప్లేయర్ ఒకటి దిగుతూ ఉంటుంది. దించగానే ప్లగ్గు పెట్టి, తాతగారు దాచుకున్న ఎల్పీ వేసి, పాడుతుందో లేదో చూస్తారు. దయచేసి ఆ పని చేయకండి. మోటారు కాలిపోతే ఇంకొకటి దొరుకుతుంది. అరిగిపోయిన సూది గాడిని చెక్కేస్తే ఆ రికార్డులో పాట మళ్లీ రాదు.

ముందు సూది

బంగారు పని చేసేవాళ్లు కంటికి పెట్టుకునే భూతద్దం కింద చూడండి. మొన నున్నగా, గుండ్రంగా ఉండాలి. రెండు పక్కలా చదునుగా మెరిస్తే అరిగిందని అర్థం. మార్చేయండి. పాత సెట్లలో నీలమణి సూదులు ఎక్కువ, అవి కొన్ని పదుల గంటలకే అరుగుతాయి. వజ్రం సూది కనీసం 500 గంటలైనా వస్తుంది.

సూదిని పట్టుకుని ఉండే చిన్న డబ్బీని కార్ట్రిడ్జ్ అంటారు. కొన్ని కార్ట్రిడ్జ్‌లకు తిప్పే చిన్న మీట ఉంటుంది. ఒక పక్క ఎల్పీ సూది, రెండో పక్క 78 సూది, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులకు వాడేది. ఎల్పీ సూది మొన సుమారు 18 మైక్రాన్లయితే 78 సూదిది 75 దాకా ఉంటుంది. 78 రికార్డు మీద గరగర ఎక్కువగా వస్తే సన్నసూది గాడి అడుగున దేవుతోందన్నమాట. మీట తిప్పితే సరి.

పాట సాగుతోంది, గొంతు బరువుగా ఉంది

పోయిన ఎండాకాలం భవానీ నగర్‌లో మా మామ ఇంట్లో ఇదే జరిగింది. సుబ్బులక్ష్మి గారి ఎల్పీ వేసి నిమిషం విని, "ఏమి నాయనా, ఆయమ్మ గొంతు ఇంత బరువుగా ఉండాది? పాట సాగతా ఉండాది" అన్నాడు.

ప్లగ్గు పీకి, ఇరుసు దగ్గరున్న చిన్న క్లిప్పు తీసి, రికార్డు పెట్టే పళ్లెం ఎత్తాను. మోటారు కప్పీని వేలితో తిప్పితే నాలుగైదు చుట్లు తిరిగి ఆగాలి. అది అర చుట్టు తిరిగి నిలబడిపోయింది. బేరింగులో గ్రీజు ముదురు బెల్లం పాకంలా గట్టిపడింది. దాన్ని ఐసోప్రొపైల్ స్పిరిట్‌లో ముంచిన బట్టతో తుడిచి, టైలరు దగ్గర తెచ్చిన మిషన్ నూనె రెండు చుక్కలు వేశాను. రెండే. మూడో చుక్క కారి రబ్బరుకు అంటితే కొత్త సమస్య. కొబ్బరినూనె మాత్రం వద్దు. ధనుర్మాసం చలికి సీసాలోనే పేరుకునే నూనె అది, బేరింగులోనూ అంతే.

తర్వాత ఐడ్లర్ చక్రం. మోటారుకూ పళ్లేనికీ మధ్య తిరిగే ఈ రబ్బరు చక్రాన్ని బొటనవేలితో నొక్కితే కాస్త లోపలికి పోవాలి. గోరు తగిలితే టక్కుమంటే రబ్బరు ఎండిపోయిందని గుర్తు. అంచును సన్న గరుకు కాగితంతో ఒకసారి రుద్ది, పళ్లెం లోపలి అంచునూ కప్పీనీ స్పిరిట్‌తో తుడిస్తే చాలాసార్లు పట్టు తిరిగొస్తుంది. మామ సెట్టుకు అదే చాలింది. బెల్టు రకం అయితే బెల్టు సాగిపోయి ఉంటుంది, కొత్తది వేయడమే.

ఇవన్నీ చేసినా నెమ్మదిగానే తిరుగుతుంటే ప్లేయర్ ఏ దేశానిదో చూడండి. అమెరికా సెట్లు 60 హెర్ట్జ్ కరెంటుకు చేసినవి. మన 50 హెర్ట్జ్ మీద నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సింది 28 దగ్గర ఆగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులనే మారుస్తుంది, హెర్ట్జ్‌ను కాదు. మోటారుకు 1.2 రెట్లు లావు కప్పీ వేయాలి.

వేగం సరిపోయిందా అన్నది చూడ్డానికి 180 గీతలున్న స్ట్రోబ్ చక్రాన్ని పళ్లెం మీద పెట్టి, చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైటు కింద తిప్పండి. గీతలు కదలకుండా నిలబడితే 33⅓ వచ్చినట్టే. ఎల్ఈడీ కింద ఇది చాలాసార్లు కుదరదు. సంగీతం నేర్చుకున్నవాళ్లు ఇంట్లో ఉంటే చెవితోనే పట్టేస్తారు. వేగం 6 శాతం పెరిగితే నాలుగు శ్రుతి నాలుగున్నర అవుతుంది.

ఆగకుండా టక్ టక్

గడియారం చూసి లెక్కపెట్టండి. 33⅓ మీద పళ్లెం ఒక చుట్టుకు 1.8 సెకన్లు పడుతుంది. చప్పుడు సరిగ్గా 1.8కి ఒకసారి వస్తే గీత రికార్డు మీదే ఉంది. అంతకన్నా వేగంగా, డుబ్ డుబ్‌మని వస్తే ఐడ్లర్‌కు నొక్కు పడింది. నాబ్ ఆఫ్‌కు తిప్పకుండా గోడ స్విచ్ ఆపేస్తే ఇలా అవుతుంది. కప్పీ ఏళ్ల తరబడి రబ్బరును ఒకే చోట నొక్కుతూ ఉంటుంది. నొక్కు లోతుగా ఉంటే రబ్బరు కొత్తగా పోయించుకోవాలి.

సూది జారుతోంది, లేదా ఒకే ముక్క తిప్పి తిప్పి పాడుతోంది

సూదిని మోసే చేయి మీద రూపాయి బిళ్ల పెట్టడం మన ఇళ్లలో పాత వైద్యం. అది గాడిని తినేస్తుంది. ముందు రసమట్టం పెట్టి ప్లేయర్ వాలి ఉందేమో చూడండి. తర్వాత చేయి ఎక్కడైనా పట్టేస్తోందా అని మెల్లగా అటూ ఇటూ కదపండి. ఆ తర్వాతే బరువు. బంగారం తూచే చిన్న డిజిటల్ త్రాసు మీద సూదిని ఆనించండి. పాత సిరామిక్ కార్ట్రిడ్జ్‌కు సుమారు 4 నుంచి 6 గ్రాములు, మాగ్నెటిక్‌కు చాలావాటికి 1.5 నుంచి 2.5. బరువు మరీ తక్కువైనా ప్రమాదమే, సూది గాడిలో ఎగిరెగిరి గోడల్ని కొడుతుంది.

గుయ్‌మని మోత

చేత్తో ప్లేయర్ లోహాన్ని ముట్టుకుంటే మోత తగ్గితే ఎర్త్ వైరు ఊడినట్టు. దాన్ని యాంప్లిఫయర్ వెనక ఎర్త్ మరకు బిగించండి. ముట్టుకున్నప్పుడు షాకు కొడితే మాత్రం వెంటనే ప్లగ్గు పీకి, ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. ఆ పని మీరు చేయకండి.

ఒక స్పీకరే పాడుతోంది, లేదా శబ్దం సన్నగా వస్తోంది

కార్ట్రిడ్జ్ వెనక ఎడమ, కుడి జతల వైర్లను అటుదిటు మార్చండి. మౌనం రెండో స్పీకర్‌కు మారితే తప్పు కార్ట్రిడ్జ్‌ది, మారకపోతే వైరుది లేదా యాంప్లిఫయర్‌ది. ఆ పిన్నుల మీద టంకం పెట్టకండి, లోపలి తీగ కాలిపోతుంది.

మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్ ఇచ్చేది కొన్ని మిల్లీవోల్టులే. ఆక్స్‌లో (యాంప్లిఫయర్ మామూలు సాకెట్) నేరుగా పెడితే సన్నగా, బేస్ లేకుండా పాడుతుంది. మధ్యలో ఆ చిన్న సిగ్నల్ను పెంచే ఫోనో ప్రీయాంప్ ఉండాలి.

రికార్డు కడగడం

బోరు నీళ్లు వద్దు, ఆరాక గాడిలో తెల్లటి ఉప్పు మిగులుతుంది. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చి, మెత్తని బట్టతో గాడి వెంబడి తుడవండి. 78 రికార్డులకు స్పిరిట్ చుక్క కూడా తగలనివ్వకండి. అవి లక్కతో చేసినవి. చెక్కకు పాలిష్ పెట్టే వడ్రంగులు లక్కను కరిగించేది స్పిరిట్‌లోనే. కడిగాక నీడలో, నిలబెట్టి ఆరబెట్టండి. మే నెలలో మన మిద్దె మీద ఎండలో పెడితే ఎల్పీ సాయంత్రానికి అప్పడంలా వంగుతుంది.