పాత లారీ డీజిల్ లైను – నాలుగో పాఠం: తెల్లారేసరికి ఖాళీ అయ్యే పైపు

పోయిన పాఠంలో ఎయిర్ తీయడం, అంటే డీజిల్ లైనులో చేరిన గాలిని బయటికి పంపడం నేర్చుకున్నాం. ఫిల్టర్ తల మీది స్క్రూ వదులు చేసి, హ్యాండ్ పంపు కొట్టి, నురగ పోయి చిక్కటి డీజిల్ వచ్చేదాకా చూసి బిగించాం. ఆ పని మీకు బాగా వచ్చేసి ఉంటే ఒక ప్రమాదం ఉంది. రోజూ పొద్దున్నే ఎయిర్ తీసి బండి స్టార్ట్ చేయడం అలవాటైపోతుంది. జాతీయ రహదారి మీద నరసన్నపేట నుంచి ఇచ్ఛాపురం దాకా ఏ దాబా దగ్గరైనా తెల్లవారుజామున చూడండి, క్యాబిన్ ఎత్తి హ్యాండ్ పంపు కొడుతున్న డ్రైవరు ఒకరైనా కనిపిస్తారు. ఎయిర్ ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే "పాత బండి కదండీ" అంటారు. బండి పాతదైనంత మాత్రాన గాలి పుట్టదు, ఎక్కడో ఒక దారి ఉంటేనే లోపలికి వస్తుంది.

ముందుగా ఒక హెచ్చరిక. ఈ పాఠం పెద్ద పంపు నుంచి ప్రతి నాజిల్‌కూ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే ముక్కుకు) విడి పైపు వెళ్లే పాత ఇంజన్లకు మాత్రమే. ఆ పంపు తయారుచేసే కంపెనీ పేరు 2008లో బాష్‌గా మారినా మన షెడ్డుల్లో అది ఇప్పటికీ మైకో పంపే. కామన్ రైల్ ఇంజన్‌లో, అంటే అన్ని నాజిల్‌లకూ ఒకే ఉమ్మడి గొట్టం నుంచి డీజిల్ అందే కొత్త ఇంజన్‌లో, పీడనం వేయి బార్లు దాటుతుంది, అక్కడ నట్టు వదులు చేసి చూడటం అనే మాటే లేదు. పాత ఇంజన్‌లోనైనా నాజిల్ పైపు దగ్గర చెయ్యి అడ్డు పెట్టకండి. ఆ సన్నటి ధార చర్మంలోకి దిగిపోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసిందే.

ఇక అసలు విషయం. ట్యాంకు కింద ఉంటుంది, దానిలోంచి డీజిల్ పీల్చి ముందుకు పంపే ఫీడ్ పంపు పైన ఉంటుంది. మధ్య పైపులో ఉన్న డీజిల్ రాత్రంతా వేలాడుతూ ఉండాలి. ఉద్దానం కొబ్బరిబొండం తాగేటప్పుడు గొట్టం పైకొన వేలితో మూసి పైకి తీస్తే నీళ్లు అందులోనే నిలుస్తాయి, వేలు తీస్తే జారిపోతాయి. లారీలోనూ అంతే. పైభాగంలో ఎక్కడైనా వెంట్రుకవాసి సందు దొరికితే గాలి లోపలికి దూరుతుంది, డీజిల్ ట్యాంకులోకి దిగిపోతుంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు ఆ పైపులో ఉండేది పీల్పు. కాబట్టి ఆ సందులోంచి డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి వెళుతుంది. కింద చుక్క కూడా పడలేదు కాబట్టి లీకు లేదని తేల్చేయడం కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు. నేనూ చేశాను.

టెక్కలి వైపు నుంచి గ్రానైట్ రాళ్లు మోసే ఒక పాత ఆరు చక్రాల లారీ మా షెడ్డుకు వచ్చింది. పొద్దున స్టార్ట్ అవుతుంది, పది సెకన్లు నడిచి ఆగిపోతుంది. ఆ తర్వాత ఎంతసేపు సెల్ఫ్ కొట్టినా ఉలకదు. ఆ పది సెకన్ల నడకే మనకు ఆధారం. పంపులోనూ ఫిల్టర్‌లోనూ మిగిలిన డీజిల్‌తో ఇంజన్ లేచింది, వెనుక పైపులోంచి గాలి రాగానే పడిపోయింది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు సైలెన్సర్ వైపు ఒకరిని నిలబెట్టండి. తెల్లటి పొగ వస్తుంటే డీజిల్ సిలిండర్‌లోకి వెళుతోంది, మండటం లేదు. అది వేరే రోగం. పొగే లేకపోతే డీజిల్ అందడం లేదు. పదిహేను సెకన్లకు మించి ఒక్క బిగిన సెల్ఫ్ కొట్టకండి, మోటారు కాలిపోతుంది.

నేను ముందు రాగి వాషర్లన్నీ మార్చాను. ఫిల్టర్ గిన్నె రబ్బరు రింగు మార్చాను. హ్యాండ్ పంపు మర పూర్తిగా బిగిసిందో లేదో చూశాను (అది వదులుగా ఉన్నా గాలి పీలుస్తుంది, ఉచితంగా తేలే మరమ్మతు కాబట్టి ముందు అదే చూడాలి). మర్నాడు పొద్దున మళ్లీ అదే కథ. ఓనరు వచ్చి, "మేస్త్రి గారూ, పంపు విప్పించేయమంటారా?" అన్నాడు. పంపు విప్పితే అతని వారం కిరాయి పోతుంది. "రెండు రాత్రులు ఆగండి బాబూ" అన్నాను. అప్పుడు గాని నాకు బుద్ధి రాలేదు: ఒక్కో వాషరూ మార్చుకుంటూ పోవడం గుడ్డివాడి గురి. ముందు లైనును రెండు ముక్కలుగా విడగొట్టి, దోషం ఏ సగంలో ఉందో తేల్చాలి.

మొదటి రాత్రి ఫీడ్ పంపుకు వచ్చే పైపు చివర జానెడు పారదర్శక గొట్టం వేసి, క్లిప్పులు బిగించి, ఎయిర్ తీసి, బండి నడిపి ఆపేశాం. అప్పుడు గొట్టం నిండా పసుపు డీజిల్. తెల్లవారి ఐదింటికి టార్చి వేసి చూస్తే గొట్టం ఖాళీ, అడుగున ఒక చుక్క మాత్రం మెరుస్తోంది. హ్యాండ్ పంపు కొడితే నలభై దెబ్బల దాకా మెత్తగానే ఉంది. నిండుగా ఉన్న లైను నాలుగైదు దెబ్బలకే గట్టిపడుతుంది. ఈ దెబ్బల లెక్క రాసుకోవడం అలవాటు చేసుకోండి, ఖర్చులేని మీటరు అది.

రెండో రాత్రి డబ్బా పరీక్ష. ఐదు లీటర్ల శుభ్రమైన డబ్బాలో డీజిల్ పోసి, ఫీడ్ పంపు కంటే ఎత్తుగా కట్టి, ట్యాంకు పైపు ఊడదీసి డబ్బా గొట్టాన్ని పంపుకు తగిలించాం. పొద్దున ఒక్క తిప్పుకే స్టార్ట్ అయ్యింది. ఇక్కడే తొందరపడకూడదు. డబ్బా ఎత్తులో ఉంది కాబట్టి డీజిల్ తన బరువుతోనే కిందికి నెట్టుకొస్తుంది, పంపు వైపు సన్నటి సందు ఉన్నా బండి స్టార్ట్ అవుతుంది. కానీ నిన్నటిదాకా గాలి పీల్చిన ఆ సందే ఇప్పుడు డీజిల్ చెమర్చాలి. అందుకే రాత్రి ప్రతి జాయింటునూ పొడిగా తుడిచి, పొద్దున కాగితం ముక్కతో అద్ది చూశాం. ఎక్కడా తడి లేదు. డబ్బాలో మట్టమూ తగ్గలేదు. తడి లేకుండా మట్టం తగ్గి ఉంటే రెండు అనుమానాలు: ఎక్కువైన డీజిల్‌ను వెనక్కి వదిలే ఓవర్‌ఫ్లో వాల్వ్ స్ప్రింగు పోయి, రిటర్న్ పైపు గుండా ట్యాంకులోకి పోయి ఉండాలి, లేదా అరిగిన ఫీడ్ పంపులోంచి ఇంజనాయిల్‌లో కలిసి ఉండాలి. రెండోది జరిగితే ఆయిల్ కడ్డీ మీద మట్టం పెరుగుతుంది, వాసన పట్టిస్తుంది. ఆ ఆయిల్‌తో ఇంజన్ నడపకండి.

మా లారీలో దోషం ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న ఇనుప పైపులోనే అని తేలిపోయింది. దాన్ని రెండు వైపులా విడదీసి, ఒక కొన మూసి, రెండో కొనకు సైకిలు పంపు తగిలించి నాలుగైదు పౌండ్ల గాలి పట్టించాం. కంప్రెసర్ గాలి పెట్టకండి, ముఖ్యంగా ట్యాంకు తగిలించి ఉండగా అసలు వద్దు. క్లీనర్ కుర్రవాడు సబ్బునీళ్లు రాసుకుంటూ వచ్చాడు. పైకి పైపు చక్కగా ఉంది. ఛాసిస్ అడ్డదూలం మీద, పైపు మొత్తంలో ఎత్తైన చోట ఒక క్లిప్పు ఉంది. దాని అంచున కుంకుడు నురగలా చిన్న బుడగ లేచింది, పగిలింది, మళ్లీ లేచింది. క్లిప్పు విప్పితే లోపలి రబ్బరు కింద తుప్పు, ఆ తుప్పులో సూదిమొనంత రంధ్రం. సముద్రపు ఉప్పుగాలిలో తిరిగే బండ్లలో రబ్బరు కింద నిలిచిన తడి ఇనుమును తినేస్తుంది. మన తీరంలో క్లిప్పు విప్పకుండా పైపు బాగుందని చెప్పకండి.

రంధ్రం ఉన్న ముక్క కోసి రబ్బరు గొట్టంతో అతకమన్నారు ఓనరు. నేను ఒప్పుకోలేదు. అలా చేస్తే పాత జాయింట్లకు తోడు మరో రెండు కొత్తవి చేరతాయి. పైపు మొత్తం మార్చాం.

ఈ లక్షణాలకు దగ్గరగా కనిపించేవి మరో రెండు ఉన్నాయి. పొద్దున బాగానే లేచి, గంట నడిచాక బలం తగ్గి ఆగిపోతే ట్యాంకు మూత విప్పి చూడండి. బుస్సుమని గాలి లోపలికి పీలిస్తే మూతలోని రంధ్రం మూసుకుపోయినట్టు. ట్యాంకు సగానికి దిగాకే నడకలో దగ్గుతుంటే, ట్యాంకు లోపల వేలాడే పీల్చే గొట్టానికి పగులు ఉందేమో చూడాలి. డీజిల్ నిండుగా ఉన్నప్పుడు ఆ పగులు మునిగి ఉంటుంది కాబట్టి ఏ బాధా ఉండదు.

వచ్చే పాఠంలో ఫీడ్ పంపు విప్పి లోపలి రెండు వాల్వ్‌లు చూద్దాం. ఈలోగా మీ చేతిలో ఉన్న బండికి మూడు పొద్దులు హ్యాండ్ పంపు దెబ్బలు లెక్కపెట్టి, పక్కనే ట్యాంకులో డీజిల్ ఎంత ఉందో, రాత్రి బండి ముందుభాగం ఎత్తులో ఉందో పల్లంలో ఉందో రాసి ఉంచండి.